అపార్ట్‌మెంట్‌లో ఫైర్ సేఫ్టీ: స్మార్ట్ హోమ్ కంటే ముందు చూసుకోవాల్సినవి ఇవే

కొత్త ఫోన్ కొనాలంటే పది రివ్యూలు చూస్తాం. ప్రాసెసర్ ఏంటి, ఛార్జింగ్ ఎన్ని వాట్లు, గేమ్ ఆడితే ఎంత వేడెక్కుతుంది అని అన్నీ అడుగుతాం. కానీ మనం రోజూ పడుకునే బిల్డింగ్‌లో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఏ ఫ్లోర్‌లో ఉంది, దాని ముల్లు పచ్చ రంగు మీద ఉందా ఎరుపు మీద ఉందా అంటే చాలామంది దగ్గర సమాధానం ఉండదు.

ఫైర్ సేఫ్టీ అనగానే అది అసోసియేషన్ అంకుల్స్ చూసుకునే సంగతి అనుకుంటాం. నిజానికి ఇందులో సగం మనకి బాగా తెలిసిన సబ్జెక్టే: కరెంట్, లిథియం బ్యాటరీ, సెన్సర్లు, అలర్ట్‌లు, బ్యాకప్. కాబట్టి అపార్ట్‌మెంట్‌ని కూడా ఒక సిస్టమ్‌లా చూసి, మంట ఎక్కడ మొదలవుతుంది, ఎలా తెలుస్తుంది, ఎలా ఆపాలి, ఎలా బయటపడాలి అనేది వరుసగా చూద్దాం.

మంట కంటే ముందు చంపేది పొగ

ముందు మన హైదరాబాద్‌లోనే జరిగిన నాలుగు ప్రమాదాలు చూడండి.

2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు వచ్చాయి. దాని పైనే లాడ్జి ఉంది. పొగ పైకి వెళ్లి 8 మంది చనిపోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 6 మంది చనిపోయారు. ఆరుగురూ ఇరవైల్లో ఉన్న ఉద్యోగులే, అంటే మన వయసు వాళ్లే. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద నిల్వ చేసిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని పై ఫ్లోర్లలో ఉన్న 9 మంది ప్రాణాలు పోయాయి. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక ఇంట్లో 17 మంది చనిపోయారు, అందులో 8 మంది పిల్లలు.

వీటిలో మూడు చోట్ల మంట కింద మొదలైంది, మనుషులు పైన ఉన్నారు. మధ్యలో ఉన్న మెట్ల దారి పొగగొట్టంలా పనిచేసింది. వేడి పొగ తేలిక కాబట్టి ఏ ఖాళీ దొరికితే అందులోంచి పైకి పోతుంది. మెట్లు, లిఫ్ట్ గుంత, కేబుళ్లు వెళ్లే డక్ట్ అన్నీ దానికి దారులే.

ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్‌ని మోయాల్సిన హిమోగ్లోబిన్‌ని ఇది పట్టేసుకుంటుంది. మనిషికి మత్తుగా అనిపించి కాళ్లు చేతులు ఆడవు. నిద్రలో ఉంటే లేచే అవకాశం కూడా తక్కువే, ఎందుకంటే నిద్రలో వాసన మనల్ని లేపదు, శబ్దం లేపుతుంది. స్మోక్ అలారం కావాలని చెప్పేది ఇందుకే.

18 మీటర్ల గీత

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లో నివాస భవనాలకి ఫైర్ డిపార్ట్‌మెంట్ ఎన్‌ఓసీ లెక్క 18 మీటర్ల ఎత్తు నుంచి మొదలవుతుంది. అంతకంటే ఎత్తున్న టవర్లలో ఫైర్ పంపులు, హోస్ రీళ్లు, అలారం ప్యానెల్ లాంటివి పెట్టి, ఎన్‌ఓసీ తీసుకోవాలి.

మరి కూకట్‌పల్లి, మియాపూర్, విజయవాడ, వైజాగ్ కాలనీల్లో మనం అద్దెకుండే స్టిల్ట్ ప్లస్ ఫైవ్ బిల్డింగుల సంగతేంటి? అవి చాలావరకు 18 మీటర్ల లోపే ఉంటాయి. అంటే ఎన్‌ఓసీ పేరుతో వచ్చి చెక్ చేసేవాళ్లు ఉండరు. మీ బిల్డింగ్‌లో సిస్టమ్ పనిచేస్తోందా అని చూసే డ్యూటీ ఎవరికైనా ఉందంటే అది అందులో ఉండేవాళ్లకే.

ఈ బిల్డింగుల్లో ఇంకో కామన్ డిజైన్ ఉంది. కింద స్టిల్ట్ పార్కింగ్‌లో అందరి కరెంట్ మీటర్లు ఒకే గోడ మీద ఉంటాయి. దాని ముందు బైకులు వరుసగా పెడతారు. పక్కనే బిల్డింగ్‌కి ఉన్న ఒకే ఒక్క మెట్ల దారి. మంట పుట్టే చోటు, మండే పెట్రోల్, బయటకి వెళ్లే దారి మూడూ పది అడుగుల లోపే. సర్వర్ డిజైన్‌లో దీన్నే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. ఖర్చు లేకుండా చేయగలిగే మొదటి పని, మీటర్ బోర్డు ముందు, మెట్ల మొదట్లో బైకులు పెట్టకుండా పసుపు పెయింట్‌తో గీత గీయడం.

ఎంసీబీ ఉంది కదా, ఇంకేం భయం?

చాలామందికి ఉన్న ధైర్యం ఇదే. ఎంసీబీ షార్ట్ సర్క్యూట్‌ని, ఓవర్‌లోడ్‌ని ఆపుతుంది. కానీ లూజ్ కాంటాక్ట్‌ని పట్టుకోలేదు. ఎందుకో చిన్న లెక్క చూద్దాం.

గీజర్ 2000 వాట్లు అనుకోండి. 230 వోల్టుల దగ్గర అది సుమారు 8.7 ఆంప్స్ లాగుతుంది. సాకెట్ వెనక స్క్రూ వదులైపోయి, అక్కడ సగం ఓమ్ రెసిస్టెన్స్ వచ్చిందనుకోండి. ఆంప్స్ స్క్వేర్ ఇంటూ రెసిస్టెన్స్, అంటే ఆ ఒక్క చుక్కలో దాదాపు 35 వాట్లకి పైగా వేడి. బీటెక్ ల్యాబ్‌లో మనం వాడిన సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే! అంతకంటే ఎక్కువ వేడి ప్లాస్టిక్ సాకెట్ లోపల, గోడలో పుడుతోంది. ఎంసీబీకి మాత్రం కరెంట్ మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ట్రిప్ అవ్వదు.

ఎక్స్‌టెన్షన్ బోర్డుదీ ఇలాంటి లెక్కే. 6 ఆంప్స్ బోర్డు తట్టుకునేది సుమారు 1380 వాట్లు. 1500 వాట్ల కెటిల్ ఒక్కటి పెట్టినా దాటిపోయింది. ఇక 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్‌ని కన్వర్టర్ ప్లగ్ పెట్టి అందులో గుచ్చితే చెప్పక్కర్లేదు.

గుర్తుపెట్టుకోవాల్సినవి:

• ప్లగ్ తీసి ముట్టుకుంటే బాగా వేడిగా ఉందా, సాకెట్ దగ్గర గోధుమ రంగు మరక ఉందా, చేపల కంపు లాంటి వాసన వస్తోందా? ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.
• ఏసీ, గీజర్, ఇండక్షన్, ఓవెన్ నేరుగా 16 ఆంప్స్ సాకెట్‌కే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ వద్దు.
• మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. ఇళ్లకి వాడే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, కరెంట్ లీక్ అయితే సప్లై కట్ చేస్తుంది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కితే ట్రిప్ అవ్వాలి. అవ్వలేదంటే అది అలంకారమే.
• ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని 16 తీసి 32 ఆంప్స్‌ది వేయించకండి. గోడలో వైర్ పాతదే. ఇప్పుడు ఎంసీబీకి బదులు వైర్ కాలుతుంది.

ఈవీ స్కూటర్: బ్యాన్ చేయాలా, జాగా ఇవ్వాలా?

2022 ఏప్రిల్‌లో విజయవాడలో బెడ్‌రూమ్‌లో ఛార్జింగ్‌కి పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. అదే నెలలో నిజామాబాద్‌లో కూడా ఇంట్లో ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ఒక పెద్దాయన ప్రాణం పోయింది.

లిథియం సెల్‌లో లోపల షార్ట్ అయితే వేడి పుడుతుంది, ఆ వేడికి రసాయన చర్య ఇంకా పెరుగుతుంది, దాంతో ఇంకా వేడి. ఒక సెల్ నుంచి పక్క సెల్‌కి పాకుతుంది. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు. ఫోన్‌లో 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే దాదాపు 19 వాట్ అవర్లు. స్కూటర్‌లో 3 కిలోవాట్ అవర్ల ప్యాక్ అంటే అలాంటి ఫోన్లు 150కి పైగా ఒకే పెట్టెలో పెట్టినట్టు. ఫోన్ బ్యాటరీ ఉబ్బితేనే భయపడతాం కదా!

ఆ ప్రమాదాల తర్వాత కేంద్రం ఏఐఎస్ 156 రూల్స్‌ని కఠినం చేసింది. 2022 డిసెంబర్ 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమల్లోకి వచ్చాయి. సెల్స్, బీఎంఎస్, ఛార్జర్, ఒక సెల్ నుంచి ఇంకోదానికి వేడి పాకకుండా ఉండటం, వీటన్నిటికీ కొత్త టెస్టులు వచ్చాయి. కాబట్టి 2023 మధ్య తర్వాత తయారైన బండికి, అంతకు ముందు దానికి తేడా ఉంది. సెకండ్ హ్యాండ్ ఈవీ కొనేటప్పుడు తయారీ నెల తప్పకుండా చూడండి.

ఇక అసోసియేషన్ గొడవ. మా బిల్డింగ్ మీటింగ్‌లో ఒక అంకుల్ "ఈవీలు అసలు గేటు లోపలికే రానివ్వద్దు బాబూ, ఎవరిది రిస్కు?" అన్నారు. ఆయన భయంలో అర్థం ఉంది. కానీ బ్యాన్ పెడితే ఏం జరుగుతుందో కూడా ఆలోచించాలి. స్కూటర్ ఉన్నవాళ్లు దాన్ని అమ్మేయరు. బ్యాటరీ ఊడదీసి మూడో ఫ్లోర్‌కి మోసుకెళ్లి, హాల్లో మెయిన్ డోర్ పక్కనే ఛార్జింగ్ పెడతారు. రాత్రి దానికి ఏమైనా అయితే ఇంట్లో వాళ్లు బయటకి వెళ్లే దారిలోనే మంట. రిస్క్ పోలేదు, పార్కింగ్ నుంచి పడకగదికి మారింది అంతే. "అయితే ఒక మూల చూపించండి అంకుల్, లైన్ ఖర్చు మేమే పెట్టుకుంటాం" అంటే మాట ముందుకి కదిలింది.

ఆ మూల ఎలా ఉండాలంటే:

• మెట్లకి, లిఫ్ట్‌కి, మీటర్ బోర్డుకి వీలైనంత దూరంగా, గాలి ఆడే బయటి అంచులో.
• విడిగా 16 ఆంప్స్ లైన్, దానికి సొంత ఎంసీబీ, ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్.
• కంపెనీ ఇచ్చిన ఛార్జర్ మాత్రమే. ఎండలో తిరిగొచ్చిన వెంటనే కాకుండా, బ్యాటరీ కాస్త చల్లారాక.
• కింద పడి దెబ్బ తిన్న, నీళ్లలో మునిగిన, ఉబ్బిన ప్యాక్‌ని ఛార్జ్ చేయకుండా నేరుగా సర్వీస్ సెంటర్‌కి.

లిథియం ప్యాక్ అంటుకుంటే చిన్న ఎక్స్‌టింగ్విషర్‌తో పోరాడకండి. పౌడర్ పైన మంటని ఆపినా లోపలి వేడిని తగ్గించదు, మళ్లీ అంటుకుంటుంది. దాన్ని చల్లార్చడానికి చాలా నీళ్లు కావాలి, అది ఫైర్ ఇంజన్ పని. మన పని దూరం జరగడం.

స్మోక్ అలారం కొనే ముందు

ఇప్పుడు గ్యాడ్జెట్ల దగ్గరకి వద్దాం. స్మార్ట్ బల్బ్, వీడియో డోర్‌బెల్ కొనే ముందు కొనాల్సింది ఇదే.

ఫోటోఎలక్ట్రిక్ టైపే తీసుకోండి. లోపల ఒక లైట్, ఒక సెన్సర్ ఉంటాయి. పొగ కణాలు లైట్‌ని చెదరగొట్టినప్పుడు సెన్సర్ పట్టుకుంటుంది. పరుపు, సోఫా, వైర్ల ఇన్సులేషన్ లాంటివి మంట రాకముందే నెమ్మదిగా రాజుకుంటాయి, వాటిని ఇది బాగా పట్టుకుంటుంది. ఈఎన్ 14604 లేదా యూఎల్ 217 సర్టిఫికేషన్ ఉందో లేదో చూడండి. ఈఎన్ 14604 ప్రకారం అలారం శబ్దం 3 మీటర్ల దూరంలో కనీసం 85 డెసిబెల్స్ ఉండాలి.

వైఫై మోడల్ కొంటే ఒక్క విషయం చూడాలి. ఫోన్‌కి నోటిఫికేషన్ రావడం అదనపు సౌకర్యం మాత్రమే. మంట వస్తే ముందు పోయేది కరెంటే, దాంతో రౌటర్ కూడా పోతుంది. కాబట్టి నెట్ లేకపోయినా, యాప్ లేకపోయినా సొంత బ్యాటరీ మీద గట్టిగా మోగేదే తీసుకోవాలి.

ఎక్కడ పెట్టాలి? సీలింగ్‌కి, బెడ్‌రూమ్‌ల బయట హాల్లో ఒకటి. కుదిరితే ప్రతి బెడ్‌రూమ్‌లో ఒకటి. ఫ్యాన్‌కి, ఏసీ గాలికి దూరంగా. వంటగదిలో వద్దు, పోపు పెట్టిన ప్రతిసారీ మోగుతుంది. అక్కడ హీట్ డిటెక్టర్ సరిపోతుంది. పూజ గదికి కూడా కాస్త దూరం పెట్టండి, లేకపోతే సాంబ్రాణి వేసిన రోజే అమ్మ దాని బ్యాటరీ పీకేస్తుంది!

గ్యాస్ లీక్ డిటెక్టర్ కొంటే మీ ఇంట్లో ఏ గ్యాసో చూసుకోండి. సిలిండర్‌లో ఉండే ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేల దగ్గర పేరుకుంటుంది, కాబట్టి డిటెక్టర్ కింద పెట్టాలి. పైప్ గ్యాస్ గాలి కంటే తేలిక, కాబట్టి సీలింగ్ దగ్గర పెట్టాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు వేయడం, ఆపడం రెండూ వద్దు. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తీసి, బయటకి వెళ్లాక 1906కి కాల్ చేయండి. అది ఎల్‌పీజీ లీక్ ఎమర్జెన్సీ నంబర్.

స్మార్ట్ లాక్ ఉన్నవాళ్లకి ఒక టెస్ట్. లోపలి నుంచి పిన్, ఫింగర్‌ప్రింట్, బ్యాటరీ ఏదీ లేకుండా హ్యాండిల్ తిప్పితే తలుపు తెరుచుకుంటోందా? చీకట్లో, కళ్లు మూసుకుని ఒకసారి ట్రై చేయండి.

ఫైర్ ఎక్స్‌టింగ్విషర్: స్పెసిఫికేషన్లు

• ఇంటికి: ఏబీసీ పౌడర్, 2 కేజీలు లేదా 4 కేజీలు. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15683 నంబర్ ఉండాలి. సిలిండర్ మీద ఉన్న లైసెన్స్ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో నకిలీదో తెలుస్తుంది.
• మీటర్ బోర్డు, లిఫ్ట్ ప్యానెల్ దగ్గర: కార్బన్ డయాక్సైడ్ టైప్. కరెంట్ పారదు, పౌడర్ మిగలదు.
• కళాయిలో నూనె అంటుకుంటే: నీళ్లు అస్సలు వద్దు. స్టవ్ ఆపి, మూత పెట్టేయండి. కళాయిని ఎత్తుకుని సింక్ దగ్గరకి పరిగెత్తకండి.

వాడే పద్ధతి నాలుగు స్టెప్పులే. పిన్ లాగాలి, నాజిల్‌ని మంట మొదలు వైపు పెట్టాలి, హ్యాండిల్ నొక్కాలి, అటూ ఇటూ ఊపాలి. అయితే చిన్న సిలిండర్ నిమిషం కూడా రాదు, సెకన్లలో అయిపోతుంది. చెత్తబుట్ట సైజు మంటకైతే వాడండి. దానికంటే పెద్దదైనా, మీ వెనక తలుపు లేకపోయినా వదిలేసి బయటపడండి.

పెద్ద టవర్లలో ఉన్నవాళ్లు చూడాల్సినవి

టవర్లలో సిస్టమ్ బాగానే ఉంటుంది, కానీ దాన్ని ఆపేసి ఉంచుతారు. పంప్ రూమ్‌కి వెళ్లి ప్యానెల్ మీద సెలెక్టర్ స్విచ్ చూడండి. ఆటోలో ఉండాలి. చాలాచోట్ల "పైప్ లీకవుతోంది, పంపు ఊరికే ఆన్ అవుతోంది సార్" అని మాన్యువల్‌లో పెట్టేస్తారు. అలాగే ఫైర్ అలారం ప్యానెల్‌లో ఫాల్ట్ లైట్ వెలుగుతుంటే బజర్‌ని సైలెన్స్ చేసి వదిలేస్తారు. స్లాక్‌లో అలర్ట్ ఛానెల్‌ని మ్యూట్ చేసి, ప్రొడక్షన్ బాగానే ఉందనుకోవడం లాంటిదే ఇది.

సీలింగ్‌లో ఎర్ర ద్రవం ఉన్న గాజు బల్బుతో స్ప్రింక్లర్ కనిపిస్తే, అది 68 డిగ్రీల దగ్గర పగిలి నీళ్లు వదులుతుంది. సినిమాల్లోలాగా బిల్డింగ్ అంతా ఒకేసారి తడవదు, వేడి తగిలినదే పనిచేస్తుంది. ఇంటీరియర్ వాళ్లు ఫాల్స్ సీలింగ్‌తో దాన్ని మూసేసినా, పెయింట్ వేసేసినా అది పనికిరాదు. ఇక మెట్ల దగ్గర బరువైన తలుపులు ఉంటాయి కదా, అవి పొగ మెట్లలోకి రాకుండా ఆపడానికే. గాలి కోసం ఇటుక అడ్డం పెట్టి తెరిచి ఉంచితే ఆ తలుపు ఉన్నా లేనట్టే.

అలారం మోగితే ఏం చేయాలి?

మంట మీ ఫ్లాట్‌లోనే ఉంటే: అందరినీ లేపి బయటకి రండి. తలుపు మూసేయండి, తాళం వద్దు. మూసిన తలుపు పొగని కొంతసేపు ఆపుతుంది, ఆ టైమే పక్కవాళ్లకి కావాల్సింది. అరుస్తూ, బెల్లులు కొడుతూ మెట్ల మీదుగా దిగండి. లిఫ్ట్ వద్దు, కరెంట్ పోతే పొగ గుంతలో ఇరుక్కుపోతారు. బయటకి వచ్చాక 101 లేదా 112కి కాల్ చేయండి. ఫోన్, ల్యాప్‌టాప్ కోసం మళ్లీ లోపలికి వెళ్లకండి.

మంట వేరే చోట ఉండి, మెట్లలో పొగ నిండితే: దిగొద్దు. ఈ ఒక్క నిర్ణయం చాలా ముఖ్యం. తలుపు మూసి, కింద సందులో తడి టవల్ కుక్కండి. బాల్కనీకి లేదా రోడ్డు వైపు కిటికీకి వెళ్లి, కాల్ చేసి ఫ్లోర్, ఫ్లాట్ నంబర్ చెప్పండి. రాత్రయితే ఫోన్ టార్చ్ ఊపండి. పొగలోనే కదలాల్సి వస్తే నేలకి దగ్గరగా వంగి వెళ్లండి.

బాల్కనీకి, కిటికీలకి పూర్తిగా గ్రిల్ బిగించేసిన ఇళ్లు మన దగ్గర ఎక్కువ. దొంగల కోసం పెట్టింది మనల్నే లోపల బంధిస్తుంది. కనీసం ఒక చోట లోపలి నుంచి తెరిచే చిన్న తలుపు గ్రిల్‌లో పెట్టించండి. తాళం వేస్తే తాళంచెవి అక్కడే, అందరికీ తెలిసేలా ఉండాలి. టెర్రస్ తలుపు సంగతీ అంతే.

నెలకి అరగంట హెల్త్ చెక్

ప్రతి నెలా మొదటి ఆదివారం ఇద్దరు కలిసి ఇవి చూస్తే చాలు:

1. ప్రతి ఎక్స్‌టింగ్విషర్ ముల్లు పచ్చలో ఉందా, సీల్ ఉందా, సర్వీస్ తేదీ దాటిందా?
2. మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, సైకిళ్లు, పాత సోఫాలు ఉన్నాయా?
3. ఎలక్ట్రికల్ డక్ట్‌లో పాత పేపర్లు, చీపుర్లు, పెయింట్ డబ్బాలు దాచారా?
4. మెట్లలో ఎమర్జెన్సీ లైట్ కరెంట్ పోయినా వెలుగుతోందా?
5. అలారం టెస్ట్ బటన్ నొక్కితే చివరి ఫ్లాట్‌కి కూడా వినిపిస్తోందా?
6. ఫైర్ ఇంజన్ వచ్చే దారిలో కార్లు ఆపారా? గేటు పూర్తిగా తెరుచుకుంటుందా?
7. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, నడవలేనివాళ్లు ఏ ఫ్లాట్లలో ఉన్నారు? వాళ్లని దించే బాధ్యత ఎవరిది?

ఒక గూగుల్ షీట్ తెరిచి, తేదీ వేసి, ఫోటోలు పెట్టి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో లింక్ పడేయండి. ఫోటో చూశాక "మా సైకిల్ తీసేస్తాం" అని వాళ్లే అంటారు. అందులో ఏడో ప్రశ్నకి మాత్రం ఏ యాప్ సమాధానం చెప్పదు. మీ ఫ్లోర్‌లో తలుపులు తట్టి అడిగి తెలుసుకోవాలి. ఈ ఆదివారం అక్కడి నుంచే మొదలుపెట్టండి.